ఒకే నెంబరు మీద రెండు మిషన్లు

ఆఫీసుల్లో పెద్ద ప్రింటర్లు బిగించే మనిషిని ఎవరూ ముఖం చూసి గుర్తుపట్టరు. వచ్చినప్పటి నుంచి వెళ్ళేదాకా అతను బల్ల కిందో, మిషను వెనకో దూరి ఉంటాడు కాబట్టి జనానికి పరిచయమయ్యేది అతని వీపు. మనం చెప్పుకోబోయే ఆయన వీపు ఆ ఊళ్ళో కనీసం అరవై ఆఫీసులకి బాగా తెలుసు. వయసు నలభై తొమ్మిది. చొక్కా జేబులో చిన్న స్క్రూడ్రైవరు, టోనరు పొడికి నల్లబడిన గోళ్ళు, నడుముకి రెండు బెల్టులు. మొదటిది ప్యాంటు కోసం, రెండోది నడుంనొప్పి కోసం.

ఆయన బిగించేవి ఇళ్ళల్లో పిల్లల ప్రాజెక్టులకి వాడే బుల్లి ప్రింటర్లు కావు. బీరువా అంత ఉంటాయి. నిమిషానికి తొంభై కాగితాలు కక్కుతాయి. వ్యాన్లోంచి దింపడానికి నలుగురు మనుషులు కావాలి. ఆ నలుగురూ చెమట తుడుచుకుంటూ ఫ్యాను కిందికి చేరాక ఈయన పని మొదలవుతుంది. గోడలో సాకెట్టుకీ మిషనుకీ కేబులు కలపాలి. ఆఫీసు నెట్‌వర్కులో దానికొక నెంబరు ఇవ్వాలి. ఆ తర్వాత కంప్యూటర్లన్నిటికీ, ఇకనుంచి మీ కాగితాలు ఈ నెంబరుకి పంపండమ్మా అని చెప్పి రావాలి.

ఆ నెంబరు సంగతి కాస్త చెప్పుకోవాలి, కథంతా దాని మీదే నడుస్తుంది. ఆఫీసు తీగ మీదున్న ప్రతి వస్తువుకీ ఒక నెంబరుంటుంది. ఇంటి నెంబరు లాంటిదే. ఒకరి నెంబరు ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇస్తే, ఒకే నెంబరు రాసున్న రెండిళ్ళ మధ్య పోస్టుమాన్ ఎలా తిరుగుతాడో కాగితాలూ అలాగే తిరుగుతాయి. ఎవరు ముందు తలుపు తీస్తే వాళ్ళకి ఉత్తరం, రెండోవాళ్ళకి ఎదురుచూపు. అందుకే ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ ఆఫీసు కంప్యూటర్లు చూసే మనిషిని అడిగి, ఏ నెంబర్లు ఎవరి దగ్గరున్నాయో పట్టీ చూసి, ఖాళీది తీసుకోవడం పద్ధతి.

మనవాడికి పట్టీ అడగడమంటే నామోషీ. తన వీధిలో తనే దారి అడిగినట్టుంటుందట. ఎక్కడ ఏ ప్రింటరు పెట్టినా చివర రెండు వందలు వచ్చేలా నెంబరు ఇచ్చేవాడు. "గుండ్రంగా ఉంటుంది, రాసుకోనక్కర్లేదు, అంతదాకా ఎవరూ రారు" అని ఆయన సిద్ధాంతం. ఇరవై రెండేళ్ళు ఆ సిద్ధాంతం నిలబడింది కూడా. కంపెనీలో తోటివాళ్ళు ఆయన్ని రెండొందలాయన అని పిలిచేవాళ్ళు. ఆయన ఆ పేరుని బిరుదులా మోసేవాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆర్నెల్ల కిందట తోటి పనివాడొకడు ఒక బట్టల గోదాములో రెండు ప్రింటర్లకి ఒకే నెంబరు ఇచ్చి వచ్చాడు. ఈయన వెళ్ళి సరిచేసి, తిరిగొచ్చి, టీ తాగే గదిలో పదిమంది ముందూ ఆ ముచ్చట అభినయించి చూపించాడు. "మునిసిపాలిటీ వాళ్ళు కూడా ఇద్దరికి ఒకే ఇంటి నెంబరు ఇవ్వడానికి కాస్త సిగ్గుపడతారయ్యా" అన్నాడు. ఆ రోజు నుంచి పాపం ఆ మనిషి పేరు మునిసిపాలిటీ. ఫోనులో కూడా అందరూ అలాగే రాసుకున్నారు. ఎదురుపడితే అతను నవ్వేవాడు గానీ, టీ మాత్రం తన బల్ల దగ్గరికే తెచ్చుకుని తాగడం మొదలుపెట్టాడు.

ఇక అసలు విషయం. ఒక ఆదివారం నాడు బీమా ఆఫీసులో కొత్త ప్రింటరు పెట్టాల్సి వచ్చింది. మూడో అంతస్తు. ఆఫీసు కంప్యూటర్లు చూసే మనిషికి ఫోను చేస్తే, "నెంబర్ల నోటుబుక్కు నా సొరుగులో ఉందండీ, తాళం నా దగ్గరుంది. రేపు పదింటికి వచ్చేయండి" అన్నాడు. రెండొందలాయన "అలాగే" అని ఫోను పెట్టేసి, అలాగే చేయలేదు. ఇంటి దగ్గర భోజనం వేడిగా ఉంది, ఆ తర్వాత కునుకు ఉంది. సోమవారం మళ్ళీ మూడంతస్తులు ఎవరెక్కుతారు? తన ల్యాప్‌టాప్‌లోంచి రెండు వందల నెంబరుని ఒకసారి పిలిచి చూశాడు. ఎవరూ పలకలేదు. ఖాళీయే కదా అని ప్రింటరుకి ఇచ్చేశాడు.

పలకాల్సింది ఎవరయ్యా అంటే, కింద గుమ్మం దగ్గర గోడకున్న వేలిముద్రల మిషను. ఆఫీసు జనం వస్తూ పోతూ బొటనవేలు ఆనిస్తే హాజరు పడే మిషను. ఆదివారం కదా అని వాచ్‌మన్ కింది అంతస్తు స్విచ్చులన్నీ ఆపేసి కూర్చున్నాడు. ఇంట్లో మనిషి నిద్రపోతున్నప్పుడు తలుపు తట్టి, పలకలేదు కాబట్టి ఇల్లు ఖాళీ అనుకుని సామాను దించేసినట్టయింది వ్యవహారం.

ఐదు వారాల తర్వాత ఆ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ప్రింటరు ఉన్నట్టుండి మాయమవుతోందట, పది నిమిషాలకి తనే తిరిగొస్తోందట. రెండొందలాయన సంచీ తగిలించుకుని వెళ్ళాడు. మిషను వెనక దూరాడో లేదో, అటెండరు టీ గ్లాసుతో వచ్చి పక్కనే చతికిలబడ్డాడు. కబుర్లు చెప్పడానికి అతనికి ఇలా వీపు తిప్పుకున్న మనుషులంటే ఇష్టం.

"ప్రింటరు గొడవ చిన్నదే సార్. ఇక్కడ పెద్ద గొడవ నడుస్తోంది. హాజరు పడట్లేదు."

"ఎవరిది?"

"అందరిదీ. కింద వేలు పెడితే థాంక్యూ అంటది. పైన కంప్యూటర్లో చూస్తే రాలేదని ఉంటది. నాకే మూడు సగం రోజుల జీతం పోయింది. మా పెద్దక్క పని ఇది."

"పెద్దక్క ఎవరు?"

అటెండరు గడ్డంతో ఒక మూలకి చూపించాడు. అక్కడ కళ్ళజోడు ముక్కు చివరికి జారిన ఒకావిడ కవర్లలో నోటీసులు పెడుతోంది. యాభై దాటి ఉంటాయి. ఆఫీసంతా ఆవిడ్ని పెద్దక్క అంటుంది, ఆవిడకన్నా పెద్దవాళ్ళతో సహా.

"ఆమె రోజూ ఎనిమిదిన్నరకే వస్తది. ప్రింటరు వేడెక్కడానికి టైం పడుతుందని వచ్చీ రాగానే ఆన్ చేస్తది. పదింటికల్లా ఐదొందల నోటీసులు రెడీ. నెల నెలా హాజరు పట్టీ తీసేదీ ఆమే. మొన్న కంటి పరీక్షకని నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఆ నాలుగు రోజులూ అందరి హాజరూ శుభ్రంగా పడింది. వచ్చిన రోజు నుంచీ మళ్ళీ మాయం. ఇప్పుడు చెప్పండి సార్."

"పొద్దున్నే వచ్చి పని చేసే మనిషి ఎందుకు చేస్తుందయ్యా అలా?"

"ముందొచ్చి ఏం చేస్తుందో ఎవరు చూశారు? నేను తాళం తీసి టీకి పోతా. గంటసేపు ఆమె ఒక్కతే. త్వరలో సెక్షన్ హెడ్ ప్రమోషన్ల లిస్టు కూడా వస్తోంది. సీనియారిటీలో ఆమె వెనకున్నవాళ్ళ హాజరు పాడైతే ఎవరికి లాభం?"

రెండొందలాయన మనసులో లెక్క వేసుకున్నాడు. ఆవిడ రోజూ పొద్దున్నే ప్రింటరు ఆన్ చేస్తుంది. ఆవిడ లేని నాలుగు రోజులూ ప్రింటరుని ఆలస్యంగా ఆన్ చేసి ఉంటారు. ప్రింటరు మేలుకుని ఉంటే కింద హాజరు పడదు, కునుకు తీస్తే పడుతుంది. ఆయన వంచిన నడుము ఎత్తకుండానే, కింద అంతస్తుకి వెళ్ళకుండానే, విషయం అర్థమైపోయింది. అయినా వెళ్ళాడు. ఎవరూ లేని సమయం చూసి వేలిముద్రల మిషను మెనూ తెరిచాడు. నెంబరు చివర రెండు వందలు, గుండ్రంగా, ఆయన్నే చూస్తున్నట్టు ఉన్నాయి.

తేలు కుట్టిన దొంగలా పైకొచ్చాడు. ప్రింటరు నెంబరు మార్చేశాడు. కంప్యూటర్లకి కొత్త నెంబరు చెప్పాడు. గంటలో పని అయిపోయింది. సర్వీసు షీటులో "లోపానికి కారణం" అనే గడి ఒకటుంటుంది. దాని దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. ఆ సమయంలో ఆయనకి ఉద్యోగం గుర్తురాలేదు, పై అధికారులు గుర్తురాలేదు. గుర్తొచ్చింది టీ తాగే గది. మునిసిపాలిటీ ముఖం. అతను ఏమీ అనడు, ఊరికే నవ్వుతాడు. ఆ నవ్వు తలుచుకుని "లైనులో హెచ్చుతగ్గులు" అని రాసేశాడు. మేనేజరు గారు చదవకుండానే సంతకం పెట్టి, "చేయి పెడితే మీరే పెట్టాలండీ" అన్నాడు. రెండొందలాయన నవ్వినట్టు ముఖం పెట్టాడు. మెట్లు దిగుతూ, ఏముంది, సర్దేశాం కదా, రేపటి నుంచి హాజరు పడుతుంది, ఆవిడ మీద మాట కూడా పోతుంది అని తనకి తనే సర్ది చెప్పుకున్నాడు.

పన్నెండు రోజుల తర్వాత ప్రింటరులో అరిగిన డ్రమ్ము మార్చడానికి మళ్ళీ అదే ఆఫీసుకి వెళ్ళాడు. మూల బల్ల దగ్గర ఎవడో కొత్త మనిషి కూర్చుని, నోటీసులు మడత పెట్టడం రాక అవస్థ పడుతున్నాడు. బల్ల మీద స్టీలు క్యారేజీ దర్జాగా ఉంది.

"పెద్దక్క సెలవా?" అని అడిగాడు అటెండర్ని.

"సెలవెక్కడిది. కింద రికార్డు గదిలో పడేశారు. మీరు క్రితంసారి వచ్చి వెళ్ళారు చూడండి, ఆ సాయంత్రమే. సీటు మార్చి చూద్దామన్నారు మేనేజరు గారు. చూశారా మరి, తెల్లారి నుంచీ ఒక్కరి హాజరు పోతే ఒట్టు. దొరికిపోయింది కదా సార్."

తను దొంగచాటుగా చేసిన రిపేరు ఆవిడ మీద సాక్ష్యమైంది. ఆవిడ ఆ సీట్లో ఉన్నన్నాళ్ళూ గొడవ, లేచిన మర్నాటి నుంచి ప్రశాంతం. ఇంతకన్నా రుజువు ఏ ఆఫీసుకి మాత్రం కావాలి?

"ఇప్పుడేం చేస్తారట?"

"రేపు పన్నెండింటిలోగా సంజాయిషీ రాసివ్వాలి. అది ఫైల్లో పెట్టి పైకి పంపుతారు. ఇక సెక్షన్ హెడ్ మాట మర్చిపోవచ్చు. ఇంకో నాలుగైదేళ్ళలో రిటైరవ్వాల్సిన మనిషి. ఈ వయసులో ఎందుకు సార్ ఇలాంటి పనులు?"

రెండొందలాయన డ్రమ్ము బిగించాడు. పని ముగించి, ఆయన మేనేజరు గదికి వెళ్ళాల్సింది పోయి కిందికి దిగాడు. రికార్డు గది నేల కింద అంతస్తులో ఉంది. కిటికీలు లేవు. ఇనుప అరల మధ్య పెద్దక్క ముక్కాలి పీట మీద కూర్చుని పాత ఫైళ్ళకి తాడు కడుతోంది. ముక్కు మీద దుమ్ము.

"రా తమ్ముడూ. ఇక్కడ కూడా ప్రింటరు పెడుతున్నారా?" అంది.

"లేదక్కా. ఊరికే..." అని నీళ్ళు నమిలాడు.

"నువ్వొచ్చింది మంచిదైంది. నీలాంటి తెలిసినవాళ్ళని ఒకమాట అడగాలనుకుంటున్నా. ఆ ప్రింటరు ఆన్ చేయడం తప్ప నాకేమీ రాదు. పచ్చ బొత్తాం నొక్కుతా, అంతే. కానీ ఇంతమంది అంటున్నారంటే ఏదో ఒకటి నొక్కే ఉంటా. ఇంట్లో మా కోడలు కూడా ఒప్పేసుకుని చేతులు దులుపుకోండి అత్తయ్యా అంటోంది. ఇదిగో రాశాను." ఒక కాగితం తీసింది. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు. "ఇంతవరకూ బానే వచ్చింది. నేనేం తప్పు నొక్కానో అక్కడ రాయాలి కదా. ఏమని రాయను?"

చెప్పాల్సిన క్షణం ఏదైనా ఉందంటే అదే. గదిలో ఇద్దరే ఉన్నారు. అరచేతిలో పెట్టినట్టు అడిగింది. రెండొందలాయన నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"సాంకేతిక పరిజ్ఞానం లేనందున, పొరపాటున, మిషను అమరికలో మార్పు జరిగి ఉండవచ్చును... అని రాయండి అక్కా. పొరపాటున అంటే పెద్దగా పట్టించుకోరు."

"ఎంత బాగా చెప్పావు. అమరికలో... ఆగు, మార్పు జరిగి..." అంటూ రాసుకుంది. పైకి చదువుకుంది. ఆవిడ ముఖం కాస్త తేటపడింది. "థాంక్స్ తమ్ముడూ. టీ తాగుతావా?"

ఆయనకి తల కొట్టేసినట్టయింది. పనుందని చెప్పి బయటపడ్డాడు. నడుంనొప్పి బెల్టు ఊపిరాడనంత బిగుసుకుపోయినట్టు అనిపించి, మెట్ల మీద ఆగి వదులు చేసుకున్నాడు.

ఇంట్లో భార్య ముందు గదిలో బట్టలు కుడుతుంది. వీధిలో సగం మంది కొలతలు ఆవిడ నోట్లో ఉంటాయి, మిగతా సగం మంది సంగతులు చెవిలో ఉంటాయి. ఆయన వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. కాలేజీ నుంచి వచ్చిన కూతురు, "నాన్నా, ఇంట్లో వైఫై మళ్ళీ ఆడట్లేదు. నువ్వు చేయి పెడితే తిరుగుండదు కదా, ఓసారి పెట్టు" అంది. మామూలుగా అయితే ఈ మాటకి అరగంట ఉపన్యాసం ఉండేది. ఈసారి ఆయన, "నేను పెట్టను. ఎవరికైనా ఫోను చేసి అడుగు" అన్నాడు. తల్లీ కూతుళ్ళు ముఖాలు చూసుకున్నారు. జ్వరమేమోనని కూతురు నుదురు తాకి చూసింది.

పిల్ల లోపలికి వెళ్ళాక భార్యకి చెప్పాడు. మొదటి నుంచీ చెప్పాడు, ఆదివారం భోజనం దగ్గర్నుంచి. ఆవిడ కుడుతూనే విన్నది. నెంబరు సంగతి విని, "మనిషన్నాక పొరపాటు చేయడా" అంది. షీటులో రాసిన అబద్ధం విని, "అది తప్పు" అంది. రికార్డు గదిలో చెప్పిన వాక్యం దగ్గరికి వచ్చేసరికి కుట్టుమిషను ఆగింది.

"ఆ వాక్యం కూడా మీరే చెప్పారా?"

"ఆవిడ అడిగింది."

"ఆవిడ అడిగింది, మీరు చెప్పారు. ఆవిడ థాంక్స్ చెప్పింది." భార్య సూదిలోంచి దారం తీసి మళ్ళీ ఎక్కించింది, తెగకపోయినా. "ఈ మాట నాతో చెప్పి ఏం లాభమండీ? నేనేం ఆ ఆఫీసు మేనేజర్నా?"

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి. తిడితే కాస్త ఎదురు మాట్లాడి, అలిగి, పడుకోవచ్చు. ఆవిడ ఆ తర్వాత ఆ విషయమే ఎత్తకుండా ఎవరిదో జాకెట్టు చేతులు కుడుతూ కూర్చుంది.

మర్నాడు తొమ్మిదిన్నరకి రెండొందలాయన మేనేజరు గది బయట బల్ల మీద కూర్చున్నాడు. మేనేజరు గారు వచ్చి, "మళ్ళీ ఏమైంది? ప్రింటరు బానే ఉందే" అన్నాడు. లోపలికి వెళ్ళాక ఈయన నిలబడే చెప్పాడు. దారిలో అనుకుంటూ వచ్చిన మాటలన్నీ తారుమారయ్యాయి గానీ విషయం మాత్రం బయటపడింది. తప్పు పెద్దక్కది కాదు, తనది. నెంబరు పట్టీ చూడకుండా ఇచ్చాడు. తర్వాత తనే మార్చేశాడు. అందుకే హాజరు బాగుపడింది. ఆవిడ సీటు మారడానికీ దానికీ సంబంధం లేదు.

మేనేజరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు ఆవిడకి ఏమవుతారు?"

"ఏమీ కాను సార్."

"అక్కా అంటున్నారు."

"అందరూ అంటారు కదా సార్."

"నిన్న మీరు రికార్డు గదికి వెళ్ళారట కదా. అటెండరు చెప్పాడు. అక్కడ ప్రింటరు లేదే." ఆయన సొరుగులోంచి పాత సర్వీసు షీటు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇందులో లైనులో హెచ్చుతగ్గులు అని రాసింది మీరే. ఇవాళ కాదంటున్నారు. అప్పుడు అబద్ధం రాశారంటే ఇప్పుడు నిజం చెప్తున్నారని నేనెలా అనుకోవాలి? ఆవిడ మీద జాలిపడి వచ్చారేమో. మంచిదే. కానీ జాలి ఫైల్లో పెట్టలేం కదండీ."

నిజం చెప్పడానికి ధైర్యం కావాలని ఆయనకి తెలుసు. చెప్పినా నమ్మరన్న సంగతి మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. తను మూర్ఖుణ్ణని తనే వాదించి గెలవాల్సి వచ్చింది.

"చేసి చూపిస్తాను సార్" అన్నాడు చివరికి. "మీరు కిందికి రండి. అందరూ వచ్చే వేళే కదా."

అలా పదింటికి ఆ బీమా ఆఫీసు గుమ్మం దగ్గర నలభై మంది బారులు తీరారు. భుజాలకి బ్యాగులు, చేతుల్లో క్యారేజీలు, చంకల్లో గొడుగులు. రెండొందలాయన మూడో అంతస్తుకి వెళ్ళి ప్రింటరుకి మళ్ళీ పాత రెండు వందల నెంబరు ఇచ్చి, ఆన్ చేసి దిగాడు. మేనేజరు గారు మెట్ల మలుపులో నిలబడ్డాడు. పైన కంప్యూటరు ముందు కొత్త గుమాస్తాని కూర్చోబెట్టారు.

ఒక్కొక్కరే వేలు ఆనించారు. మిషను ఒక్కొక్కరికీ థాంక్యూ చెప్పింది.

"పడ్డాయా?" అని మేనేజరు గారు పైకి కేకేశాడు.

"ఒక్కటీ పడలేదు సార్," అని పైనుంచి జవాబు.

రెండొందలాయన మళ్ళీ ఎక్కి ప్రింటరు ఆపి దిగాడు. కాసేపాగి ముందున్న నలుగుర్ని మళ్ళీ వేలు పెట్టమన్నారు.

"ఇప్పుడు?"

"నలుగురివీ పడ్డాయి సార్."

మళ్ళీ ఆన్ చేయించారు. పోయాయి. మళ్ళీ ఆపించారు. పడ్డాయి. నాలుగుసార్లు ఎక్కి దిగేసరికి ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. వరసలో గుసగుసలు మొదలై, కాసేపటికి గుసగుసలు కూడా మానేసి బాహాటంగానే మాట్లాడుకున్నారు.

"అంటే నా రెండు సగం రోజులూ మింగింది ఈయనన్నమాట."

"మా ఇంట్లో నేను ఆఫీసుకెళ్ళకుండా ఎటు పోతున్నానని నిలదీశారండీ. హాజరు పట్టీ ఫోటో చూపించి మరీ."

"ఇరవయ్యేళ్ళ అనుభవం అని చెప్పాడు కదూ మొన్న."

"ఇరవై రెండు," అన్నాడు అటెండరు. అతను మాత్రం ఎవరి ముఖమూ చూడకుండా గోడకున్న సున్నం గోకుతున్నాడు.

ఈ గోల విని పెద్దక్క రికార్డు గది మెట్లెక్కి వచ్చింది. చేతికి దుమ్ము, వేళ్ళ మధ్య తాడు ముక్క. ఇంకో చేతిలో మడిచిన కాగితం. పన్నెండింటికి ఇవ్వాల్సింది. జనం కాస్త పక్కకి జరిగి దారిచ్చారు. ఎవరో ఆవిడకి విషయం చెప్పారు. ఇంకెవరో మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. ఆవిడ మొత్తం విని, రెండొందలాయన దగ్గరికి వచ్చింది.

"నిన్న నేనడిగినప్పుడు నీకు తెలుసా?"

ఇక్కడొక సందు ఉంది. రాత్రి ఆలోచిస్తే తట్టింది అక్కా అనొచ్చు. ఎవరూ కాదనలేరు. పైగా చాలా హుందాగా ఉంటుంది. తట్టిన మర్నాడే పరిగెత్తుకొచ్చిన మంచివాడు అవుతాడు. ఆ వాక్యం నాలుక మీద సిద్ధంగా ఉంది. వాక్యాలు చెప్పడంలో ఆయన దిట్ట కదా.

"తెలుసక్కా" అన్నాడు.

"ఆ రోజు వచ్చి సర్దినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

వరసలో అంతవరకూ నవ్విన వాళ్ళు కూడా తలలు దించుకున్నారు. ఆయన సిగ్గు చూడలేక కావచ్చు, తమ సంగతి గుర్తొచ్చి కావచ్చు. పెద్దక్క చేతిలో కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కల్ని ఎక్కడ వేయాలో తెలియక రెండొందలాయన చేతిలోనే పెట్టింది. ఆయన జేబులో వేసుకున్నాడు. మేనేజరు గారు గొంతు సవరించుకుని, "పెద్దక్కా, మీరు ఇవాళ్టి నుంచి మీ సీట్లోనే..." అని మొదలుపెట్టాడు.

"తాళ్ళు కట్టాల్సినవి ఇంకో పదిహేను ఫైళ్ళున్నాయండీ. అవి అయ్యాక వస్తా. నా బల్ల మీద ఎవరిదో క్యారేజీ ఉందట, తీయించండి" అందావిడ. అంతే. కన్నీళ్ళు లేవు, దండకం లేదు. ఆఫీసు వాళ్ళెవరూ ఆవిడని క్షమించమని కూడా అడగలేదు. ఒకరిద్దరు, మేం అనుకుంటూనే ఉన్నాం, మీరు అలాంటి పని చేయరని, అన్నారు. ఆవిడ వాళ్ళ వైపు చూసి రికార్డు గది మెట్లు దిగింది.

కంప్యూటర్లు చూసే మనిషి సొరుగు తాళం తీసి నోటుబుక్కు తెచ్చాడు. రెండొందలాయన అందులో ప్రతి గీతా వేలు పెట్టి చదివి, ఖాళీ నెంబరు చూపించి, "ఇది ఇవ్వొచ్చా అండీ?" అని అడిగి, ఇవ్వొచ్చన్నాకే ఇచ్చాడు. సర్వీసు షీటు కొత్తది రాశాడు. కారణం గడి సరిపోక వెనక పేజీకి వెళ్ళాల్సి వచ్చింది.

ఇక మిగిలింది హాజరు. పొద్దున్నుంచి ఆడించిన ఆటలో ఎవరిది పడిందో ఎవరిది పోయిందో తెలియదు కాబట్టి ఇవాళ్టి హాజరంతా చెరిపేసి, అందరూ మళ్ళీ వేలు పెట్టాలన్నారు. రెండొందలాయన మిషను పక్కనే నిలబడాలి. నలభై మంది ఒకరి తర్వాత ఒకరు ఆయన ముఖంలోకి చూస్తూ బొటనవేలు ఆనించి వెళ్ళారు. ఒకాయన కావాలనే రెండుసార్లు ఆనించాడు. ఒకమ్మాయి, "పర్లేదు లెండి అంకుల్" అంది. అన్నిటికన్నా అది ఎక్కువ గుచ్చుకుంది.

చివరికి పెద్దక్క వచ్చింది. చీర కొంగుకి వేలు తుడుచుకుని మిషను మీద పెట్టింది. థాంక్యూ అంది మిషను.

"పడిందా?"

"పడిందక్కా."

"నువ్వు చెప్తే ఏం లాభం? పైకెళ్ళి చూసి రా."

ఆయన మూడంతస్తులు ఎక్కాడు. కంప్యూటర్లో ఆవిడ పేరు వెతికాడు. పడింది. దాని ఎదురుగా టైము పది నలభై అని, పక్కన ఎర్ర అక్షరాల్లో ఆలస్యం అని ఉంది. ఎనిమిదిన్నరకి వచ్చిన మనిషి. ఈయన కిందికి దిగాడు. ఆవిడ అక్కడే నిలబడి ఉంది.

"పడింది అక్కా. కానీ పది నలభైకి పడింది. ఆలస్యం కింద చూపిస్తోంది."

"నేను ఎనిమిదిన్నరకి వచ్చా."

"తెలుసక్కా."

"నీకు తెలియడం కాదు. కాగితం మీద రాయించుకుని, మేనేజరు గారి సంతకం పెట్టించుకుని తీసుకురా. నేను కింద గదిలో ఉంటా."

ఆయన వదులు చేసిన బెల్టు మళ్ళీ బిగించుకుని, మెట్లెక్కడం మొదలుపెట్టాడు.